కుడివైపు మాత్రమే తిరిగే గైడు

వ్లిస్సింగెన్
6 మార్చి 2016, ఆదివారం

యాకొమీనా అక్కకు,

నీ చెవుల సంగతి తెలిసి ఫోన్ చేయడం మానేశాను. కిందటిసారి ఫోన్లో నేను పెట్టిన కేకలకి పక్కింటివాళ్ళు తలుపు కొట్టి, ఎవరితో గొడవ అని అడిగారు. పైగా ఇప్పుడు చెప్పబోయేది కేకలు పెట్టి చెప్పుకునే సంగతి కాదు.

నన్ను గైడుగా వేసుకున్నారు. మన ఊరి పాత రేవు, బురుజులు, గాలిమర చూపించే పర్యాటక సంఘం ఉందిగా, వాళ్ళు. శీతాకాలంలో లైబ్రరీలో, పెద్ద ఓడలకి రేవులోకి దారి చూపే పైలట్ పడవల కబుర్లు చెబితే నలభై మంది కదలకుండా విన్నారు. ముప్పై ఏళ్ళు ఆ పడవల ఇంజన్లకి నూనె పోసినవాడికి కబుర్లకేం కొదవ? విన్నవాళ్ళలో సంఘం అధ్యక్షురాలు డింగెమన్సే గారు కూడా ఉంది. మర్నాడు కాఫీకి పిలిచింది. ఒక కాఫీ, ఒక బిస్కట్, వెంటనే డబ్బాకి మూత. మూత పెట్టాక ఫారం తీసింది.

"ఇంగ్లీషు వచ్చా?"

"వచ్చండి."

"జర్మన్?"

"తిట్లు బాగా వచ్చు."

"ప్రథమ చికిత్స? మంచిది. సొంత సైకిలుందా?"

"ఉందండి."

"చూశాను లెండి, బయట పెట్టారుగా. నలభై ఏళ్ళనాటి బండి, టైర్లు చూస్తే నిన్న కొన్నట్టున్నాయి. వస్తువుని ఇలా చూసుకునే మనిషే మాకు కావాలి. మే పదిహేను, పెంటెకోస్ట్ పండగ ఆదివారం, ఈ ఏటి మొదటి సైకిల్ యాత్ర మీదే."

సైకిలుందా అని అడిగింది. తొక్కడం వచ్చా అని అడగలేదు. పుట్టగానే సైకిలెక్కే ఈ డచ్చి దేశంలో ఎవరు మాత్రం అడుగుతారు? ఊపిరి తీసుకోవడం వచ్చా అని ఎవరూ అడగరుగా. ఆ రహస్యం నీకూ నాకూ తప్ప మూడో మనిషికి తెలియదు. నాకు ఆరేళ్ళు, నీకు పదమూడు. రేవు గట్టు మీద నేర్పుతూ సీటు వదిలేశావు. నేను నేరుగా నీళ్ళలోకి. పడవ కొక్కేంతో పైకి లాగారు. మళ్ళీ సైకిలెక్కితే ఒట్టు. పదహారేళ్ళకి ఓడెక్కాను, ఓడలో దాని అవసరం లేదు. ఊళ్ళో ఉన్నప్పుడు నెట్టుకుంటూ తిరిగాను. చేతిలో సైకిలుంటే చాలు, ఎవరూ అనుమానించరు, ఇప్పుడే దిగాడనుకుంటారు. నలభై ఏళ్ళుగా నేను ఇప్పుడే దిగుతున్నాను.

నేల్చె గుర్తుందా? డోంబర్గ్ దాకా సైకిళ్ళ మీద వెళ్దామంది. మూడు ఆదివారాలు వరసగా పంక్చరన్నాను. నాలుగో ఆదివారం పంక్చర్లు వేసేవాడితో వెళ్ళింది. ఇప్పటికీ అతనితోనే ఉంది.

ఇంక పది వారాలుంది. మింగలేను, కక్కలేను. ఏం చెయ్యను?

తేలు కుట్టిన దొంగ,
నీ తమ్ముడు లేండర్ట్


గ్రోనింగెన్
12 మార్చి

ఒరేయ్ లేండర్ట్,

నీ ఉత్తరం చదువుతుంటే కాఫీ ముక్కులోకి పోయింది. ముప్పై నాలుగేళ్ళు బడిలో పిల్లల్ని సైకిల్ పరీక్షకి తయారుచేశాను. ఒక్కడూ తప్పలేదు. నా సొంత తమ్ముడు మాత్రం అరవై ఎనిమిదేళ్ళు వచ్చి, సైకిలు తొక్కడం రాకుండా సైకిల్ గైడయ్యాడు. దీన్నే నేల విడిచి సాము అంటారు.

ఇంకో మాట. సీటు వదిలేశావని ఎన్నేళ్ళు దెప్పుతావురా? వదలకపోతే అది నేర్పడమెలా అవుతుంది? జీవితాంతం నీ వెనక పరిగెత్తమంటావా? నేను వదిలిన చోటినుంచి గట్టు అంచు ముప్పై గజాలుంది. ఆ ముప్పై గజాలూ చక్కగా తొక్కావు. ఎడమకి తిప్పరా, తిప్పరా అని గొంతు చించుకున్నాను. తిప్పలేదు. పడ్డాక నా వైపు చూసిన చూపు మాత్రం ఇప్పటికీ మర్చిపోలేదు.

నేనైతే రేపే వెళ్ళి ఆవిడకి ఉన్న మాట చెప్పేస్తాను. నువ్వు చెప్పలేవు. కాబట్టి నేర్చుకో. కొత్తగా దేశానికి వచ్చిన ఆడవాళ్ళకి సైకిల్ నేర్పే తరగతులు ఊరూరా ఉన్నాయి, మీ పేటలోనూ ఉండే ఉంటాయి. వెళ్ళి, బుద్ధిగా నిలబడి, "నాకు రాదు, నేర్పండి" అను. మూడే మూడు మాటలు. మొక్కై వంగనిది మానై వంగునా అంటారు. వంగకపోతే విరుగుతావు, మీ ఊళ్ళో ఆసుపత్రి ఎలాగూ ఉంది.

ఒకటే సూత్రం: ముందు చక్రం వంక చూడకు. ఎక్కడికి పోవాలో అటు చూడు.

సీటు వదిలిన పాపిష్టి అక్క,
యాకొమీనా


వ్లిస్సింగెన్
27 మార్చి, ఈస్టర్

అక్కకు,

పండగ శుభాకాంక్షలు. నువ్వు చెప్పిన తరగతికి వెళ్ళాను. సామాజిక భవనం వెనక సిమెంటు మైదానం, పదకొండు మంది ఆడవాళ్ళు, సిరియా వాళ్ళు, ఎరిట్రియా వాళ్ళు, మొరాకో వాళ్ళు. టీచరు పేరు టన్నెకె, మెళ్ళో ఈల. నీ మూడు మాటలూ దారంతా వల్లె వేసుకుంటూ, సైకిల్ నెట్టుకుంటూ వెళ్ళాను. నన్ను చూడగానే ఆవిడ నా రెండు చేతులూ పట్టేసుకుంది.

"అమ్మయ్య! వలంటీర్లు కావాలని పేపర్లో వేయించి మూడు నెలలైంది. ఒక్క పురుగు రాలేదు. మీరైనా వచ్చారు!"

"అదికాదండీ, నాకసలు..."

"అనుభవం లేదంటారా? ఏం పర్వాలేదు, పట్టుకుని పరిగెత్తడమే. ముందీ కోటు తొడుక్కోండి."

పసుపు రంగు కోటు. వీపు మీద పెద్ద అక్షరాలతో 'శిక్షకుడు' అని ఉంది. అది తొడుక్కున్నాక ఇంక "నాకు రాదు" అని ఏ నోటితో అనను?

అలా నాలుగు తరగతులుగా సీటు పట్టుకుని పరిగెత్తుతున్నాను. ఈ వయసులో నేను పరిగెడితే ఎలా ఉంటుందో ఊహించుకో, నీకూ కాస్త నవ్వుకోవడానికి ఉంటుంది. నాకు తెలిసింది నీ సూత్రం ఒక్కటే. "చక్రం వంక చూడకండి, ఎక్కడికి పోవాలో అటు చూడండి" అని అరుస్తుంటాను. "మీ పద్ధతి చాలా బాగుందండీ" అంటుంది టన్నెకె. మొన్న ఒక ఎరిట్రియా అమ్మాయి సీటు నా చేతిలోంచి పోయింది. నేను వదిలానో, అదే జారిందో తెలియదు. అమ్మాయి మైదానం చివరిదాకా తొక్కుకుంటూ పోయి, ఆ చివర నిలబడి పెద్దగా ఏడుస్తూ నవ్వింది. నాకూ ఏడుపొచ్చిందక్కా. సముద్రపు గాలికి కళ్ళు మండుతున్నాయని టన్నెకెతో చెప్పాను.

మొత్తానికి నా దగ్గర నలుగురు నేర్చుకున్నారు. అయిదో మనిషిని నేను, ఇంకా మొదలెట్టలేదు.

మే పదిహేనుకి నీ పేరు మీద ఒక అద్దె సైకిలు రాయించాను, నీలం రంగుది. ముందురోజే రైలెక్కి వచ్చెయ్. నువ్వు ముందు వరసలో ఉంటే నాకు ధైర్యం.

శిక్షకుడు,
లేండర్ట్


గ్రోనింగెన్
9 ఏప్రిల్

ఒరేయ్ శిక్షకా,

తాను దూర సందు లేదు, మెడకో డోలు అన్నట్టుంది నీ వ్యవహారం. నీ ఉత్తరం మా పాటల బృందంలో చదివి వినిపించాను. పేరు చెప్పలేదులే, "మా ఊళ్ళో ఒకాయన" అన్నాను. ఎవరూ నమ్మలేదు. "డచ్చివాడికి సైకిలు రాకపోవడమా, కథలు చెప్పకు" అన్నారు.

ఆగడం ఎలాగో చెబుతాను, రాసిపెట్టుకో. నీ పాత బండికి చేతి బ్రేకులుండవు. పెడల్ వెనక్కి తొక్కితే ఆగుతుంది. ఆగేముందే ఏ కాలు దించాలో నిర్ణయించుకో. ఆగాక ఆలోచిస్తే పడతావు. ఎక్కేటప్పుడు మొహమాటం వద్దు, ఒక్క తోపు గట్టిగా తొయ్యి.

మే పదిహేనున మాత్రం నాకు వీలుపడదు. పక్కింటివాళ్ళు ఊరెళ్తున్నారు, వాళ్ళ పిల్లికి తిండి పెట్టాలి. ఏమీ అనుకోకు.

ఇక్కడ గాలి ఎక్కువగా ఉంది. కుండీల్లో తులిప్‌లు రెండే పూశాయి.

అక్క


వ్లిస్సింగెన్
24 ఏప్రిల్

అక్కకు,

దొరికిపోయాను. హనాన్ అనే ఆవిడ ఉంది. యాభై దాటాయి, సిరియాలో హోమ్స్ అనే ఊరినుంచి వచ్చింది. తరగతి అయ్యాక అందరూ వెళ్ళేదాకా ఆగి నా దగ్గరికి వచ్చింది. మన భాష నేర్చుకుని ఏడాదే అయింది, ఒక్కో మాటా ఏరుకుని మాట్లాడుతుంది.

"లేండర్ట్ గారూ, మీరు సైకిల్ నెట్టుకుంటూ వస్తారు. నెట్టుకుంటూ పోతారు. వానలో కూడా నెడతారు. మీకు రాదు కదా?"

"చక్రం పాడైందండీ."

"నెల రోజులుగానా?" అని నవ్వింది. "మా ఊళ్ళో నాకు మందుల షాపుండేది. జబ్బు దాచుకునేవాళ్ళ మొహం నాకు తెలుసు. ఎక్కండి. నేను పట్టుకుంటాను."

ఎక్కాను. తరవాత తెలిసిందేమిటంటే ఆ పదకొండు మందికీ మొదటి వారం నుంచీ తెలుసట. టన్నెకెకి ఒక్కదానికే తెలియదు, ఆవిడ ఇక్కడే పుట్టింది కాబట్టి.

ఇప్పుడు తిన్నగా తొక్కగలను. ఆపగలను. కుడికి తిరగగలను. ఎడమకి మాత్రం తిరగలేను. ఎడమకి తిప్పాలనుకోగానే చేతులు కొయ్యబారిపోతాయి. హనాన్ ఎంత చెప్పినా లాభం లేకపోయింది. అందుకని ఊరి పటం ముందేసుకుని కొత్త దారి గీశాను, అన్నీ కుడి మలుపులే. విగ్రహం, పాత రేవు, చర్చి, జైలు బురుజు. కుడికే తిరుగుతూ పోతే జైలు బురుజు మూడుసార్లు వస్తుంది. చరిత్రలో దాని ప్రాముఖ్యం అంతటిది మరి.

ఇక నీ పిల్లి సంగతి. అక్కా, పిల్లి ఉన్న వీధిలోకి వెళ్తేనే నీకు తుమ్ములు. చిన్నప్పుడు అమ్మ నీ కోసమేగా మన బూడిదరంగు పిల్లిని పిన్నింట్లో వదిలేసింది? ఉన్న మాట మొహం మీద చెప్పడం మన ఇంటి అలవాటు కదా, నాతో పిల్లి కబుర్లెందుకు? తమ్ముడు జనం ముందు పడితే చూడలేను, నా పరువు పోతుంది అని రాస్తే నేనేమన్నా అంటానా? సైకిల్ పరీక్షల టీచరుగారి తమ్ముణ్ణి కదా నేను.

లేండర్ట్


గ్రోనింగెన్
28 ఏప్రిల్

లేండర్ట్,

నా పరువు గురించి నువ్వు బెంగపడక్కర్లేదు. నేను రాలేనంటే రాలేను. కారణాలు నావి.

ఎడమకి తిరగడం వచ్చేదాకా నాకు ఉత్తరం రాయకు.

యాకొమీనా


వ్లిస్సింగెన్
16 మే

అక్కకు,

ఎడమకి తిరగడం రాలేదు. అయినా రాస్తున్నాను. నాకింకెవరున్నారు చెప్పడానికి?

నిన్న పది గంటలకి అడ్మిరల్ విగ్రహం దగ్గర తొమ్మిది మంది చేరారు. బెల్జియంలోని గెంట్ నుంచి మొగుడూ పెళ్ళాం, నలుగురు జర్మన్లు, ఉట్రెక్ట్ నుంచి ఒక రిటైర్డ్ లెక్కల మాస్టారు, ఆయన చెల్లెలు, హనాన్. అందరి వెనక పరిశీలనకి డింగెమన్సే గారు. రాత్రంతా నిద్ర లేదు. అయినా ఎక్కాను. పడలేదు. పాత రేవు దగ్గర ఆగి రెండు కథలు చెప్పాను, నవ్వారు. చర్చి దగ్గర ఒకటి చెప్పాను. జైలు బురుజు ఒకసారి వచ్చింది. రెండోసారి వచ్చింది. మూడోసారి లెక్కల మాస్టారు బెల్లు కొట్టాడు.

"గైడుగారూ, ఈ బురుజుని మనం చూడటం ఇది మూడోసారి."

"సముద్రం పోటు మీదున్నప్పుడు దీని అందమే వేరండీ."

"మూడుసార్లూ ఒకేలా ఉంది."

తప్పించుకుని ముందుకి తొక్కాను. నేను తిరగాల్సిన కుడి వీధిలో పండగ అంగళ్ళు పెట్టేశారు. అడ్డంగా తాడు. తాడు దగ్గర పోలీసాయన చెయ్యి చాచి, "ఎడమకి! అందరూ ఎడమకి!" అంటున్నాడు. నా ఎదురుగా రేవు గట్టు, దాని కింద నీళ్ళు. పెడల్ వెనక్కి తొక్కి, దిగి నిలబడ్డాను.

"నాకు ఎడమకి తిరగడం రాదు" అన్నాను.

అందరూ పడీ పడీ నవ్వారు, అదీ కబుర్లలో భాగమే అనుకుని. మళ్ళీ చెప్పాను. "నవ్వడానికి కాదండీ. నాకు అరవై ఎనిమిదేళ్ళు. సైకిలెక్కింది కిందటి నెల. అదిగో, ఆవిడే నేర్పింది" అని హనాన్‌ని చూపించాను. హనాన్ సిగ్గుపడుతూ చెయ్యి ఊపింది.

ఇంక ఒక్కరూ నవ్వలేదు. "డచ్చివాడా?" అన్నాడు లెక్కల మాస్టారు, నమ్మలేక. డింగెమన్సే గారు వెనకనుంచి నడుచుకుంటూ వచ్చింది. అయిపోయాననుకున్నాను.

"ఫారంలో ఆ ప్రశ్న లేదు" అంది.

"లేదండి."

"ఎవరికి తోస్తుందయ్యా అలాంటిది?" అని గడియారం చూసుకుంది. "పన్నెండున్నరకి మసెల్స్ ఆల్చిప్పల భోజనం చెప్పాం. నెట్టుకుంటూ నడిస్తే చేరతామా?"

అక్కా, నెట్టడంలో ఈ దేశంలో నన్ను మించినవాడు లేడు. ఒక చెయ్యి హ్యాండిల్ మీద, రెండో చెయ్యి కబుర్లకి. మిగతావాళ్ళకి పెడళ్ళు పిక్కలకి కొట్టుకుంటుంటే ఎటువైపు నడవాలో, బండిని ఎంత వాల్చాలో నేర్పాను. మెల్లగా నడుస్తుంటే నాకు కథలు వాటంతటవే వచ్చాయి. ఏ కిటికీ వెనక ఎవరుండేవారో, నాన్న జీతం రోజున ఏ దారిన చుట్టూ తిరిగి ఇంటికొచ్చేవాడో, అన్నీ. గెంట్ ఆవిడ ఆగి ఆగి ప్రశ్నలు అడిగింది. భోజనానికి గంట ఆలస్యంగా చేరాం. ఎవరూ విసుక్కోలేదు. ఇకనుంచి నెలకో ఆదివారం నెట్టుకుంటూ నడిచే యాత్ర నాకిస్తానంది డింగెమన్సే గారు. తొక్కే యాత్ర ఇంకెవరికో ఇస్తుందట, అందుకు నేనే ఆవిడకి దణ్ణం పెట్టాను.

నీ నీలం సైకిలు రోజంతా విగ్రహం దగ్గరే ఉంది. పది నిమిషాలు నీ కోసం ఆగాను కూడా, రైలు ఆలస్యమేమో అని. సాయంత్రం నేనే తీసుకెళ్ళి అద్దె షాపులో ఇచ్చాను. చాలా బాధేసింది. ఊరి ముందు నా పరువు పోయింది, పోయాక హాయిగానే ఉంది. నువ్వు మాత్రం ఇంకా నన్ను చూసి సిగ్గుపడుతున్నావేమో అనుకుంటే నిద్ర పట్టడం లేదు.

లేండర్ట్


గ్రోనింగెన్
20 మే

తమ్ముడూ,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. సిగ్గుపడ్డాను, నిజమే. కానీ నిన్ను చూసి కాదురా.

పిల్లి అబద్ధం. నా చెవుల జబ్బు వినికిడితో ఆగలేదు. చెవి లోపల మనిషిని తూలకుండా నిలబెట్టే చోటు కూడా పాడైంది. రెండేళ్ళ కిందట శీతాకాలంలో సైకిలు మీంచి పడ్డాను. ఇంకోసారి పడ్డాను, ఈసారి బస్సు ముందు. డాక్టరు ఇంక ఎక్కొద్దన్నాడు. ఊరికే నడిస్తే ఫరవాలేదు. ఎక్కి తొక్కడం మొదలెడితే నేల ఒక పక్కకి వాలిపోతుంది. ఎడమ చెవి పూర్తిగా పోయింది, కుడిది మిషనుతో కాస్త పనిచేస్తోంది.

ఎవరికీ చెప్పలేదు. రెండేళ్ళుగా బజారుకి సైకిల్ నెట్టుకుంటూ వెళ్తున్నాను. బరువుండబట్టి దిగి నడుస్తోందనుకోవాలని బుట్టలో బంగాళాదుంపలు వేసుకుంటాను. వెళ్ళేటప్పుడు కూడా వేసుకుంటాను. అవే దుంపలు వారం వారం ఊరంతా తిరిగొస్తాయి. నా దగ్గర చదువుకున్నవాళ్ళు ఎదురై, "టీచర్, ఎక్కరేం?" అంటే పంక్చరంటాను. నిన్ను వెక్కిరిస్తూ ఉత్తరం రాసి, దాన్ని పోస్టు చెయ్యడానికి ఆ సైకిల్ నెట్టుకుంటూనే వెళ్ళాను.

నువ్వు నా పేరు మీద నీలం సైకిలు రాయించానన్నప్పుడు, అందరి ముందు దాని పక్కన నిలబడి ఏం చెప్పాలో తోచలేదు. నీ మీద అసూయ కూడా కలిగింది. అరవై ఎనిమిదేళ్ళకి నీకు వస్తోంది, డెబ్బై అయిదేళ్ళకి నాకు పోతోంది. అది రాయలేక పిల్లిని అడ్డం పెట్టుకున్నాను. నువ్వు తొమ్మిది మంది ముందు చెప్పావు, నేను నీ ఒక్కడికి చెప్పడానికి ఇన్ని నెలలు పట్టింది. ఉన్న మాట చెప్పెయ్యమని నీకు ఉపదేశం చేసిన నోరే ఇది.

నన్ను క్షమించు.

నీ అక్క


వ్లిస్సింగెన్
23 మే

అక్కా,

క్షమాపణలు ఆపు. ఆ బంగాళాదుంపలు వండేసుకుని తిను, రెండేళ్ళ దుంపలు కాకపోతే.

జూన్ పన్నెండు, ఆదివారం. ముందురోజే బయలుదేరి రా. స్టేషనుకి నేనొస్తాను. పిల్లి, కుక్క, తులిప్‌లు ఏవీ అడ్డం చెప్పడానికి వీల్లేదు.

మా పేట వృద్ధాశ్రమంలో ఒక బండి ఉంది, అడిగితే ఇస్తారు. మూడు చక్రాలు, పక్కపక్కనే రెండు సీట్లు, ఒక్కరు నడిపితే చాలు. అది వాలదు, పడదు. నీ కాళ్ళు ఊరికే పెట్టుకోవచ్చు, తొక్కాలనిపిస్తే తొక్కొచ్చు. నీ ఉత్తరం హనాన్‌కి చదివి వినిపించాను, కోప్పడకు. చెవి జబ్బుల గురించి ఆవిడకి నాకన్నా బాగా తెలుసు. ఆ బండి గురించి చెప్పిందీ ఆవిడే. నిన్న ఆవిడని పక్కన కూర్చోబెట్టుకుని రేవు గట్టు మీద తిప్పాను. కుడికి తిప్పాను. ఎడమకీ తిప్పాను. గట్టు అంచు దగ్గర హనాన్ కళ్ళు మూసుకుంది, నేను మూసుకోలేదు.

హ్యాండిల్ కుడి సీటుకే ఉంది, అక్కడ నేను కూర్చుంటాను. నువ్వు ఎడమ సీట్లో కూర్చో, నీ కుడి చెవి నా వైపుంటుంది. డింగెమన్సే గారు ఉండదు, జర్మన్లు ఉండరు. రోజంతా మనదే. ఊరంతా నీకొక్కదానికే చెబుతాను. వినపడకపోతే బండి ఆపి మళ్ళీ చెబుతాను.

నీ తమ్ముడు